అలవాట్ల ప్రాజెక్టు డైరీ: గడియారానికి కట్టినవి, మనుషులకు కట్టినవి

మార్చి, మొదటి వారం

ఈ ప్రాజెక్టుతో రెండు పనులు జరగాలి. ఆఫీసులో ఒప్పుకున్నది ఒప్పుకున్న రోజుకు పూర్తి కావాలి. ఇంట్లోవాళ్లు, స్నేహితులు, పక్క సీటువాళ్లు మాట్లాడుతున్నప్పుడు నా చెవీ చూపూ పూర్తిగా వాళ్ల దగ్గరే ఉండాలి. వీటికి రెండు నోట్‌బుక్‌లు పెట్టొచ్చు కానీ ఒకటే పెట్టాను. రోజులో ఈ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉంటాయి మరి. తెగని పని ఇంటిదాకా వస్తుంది. తెగని మాట ఆఫీసుదాకా వెళ్తుంది.

ముందు ఎంతకాలం పడుతుందో చూసుకున్నాను. 21 రోజుల మాట అందరి నోటా వినిపిస్తుంది. అమెరికాకు చెందిన ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో రాసినదాని నుంచి వచ్చిందది. ముఖానికి శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్లు కొత్త రూపానికి అలవాటు పడటానికి కనీసం ఓ 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. చేతులు మారేకొద్దీ ఆ పరిశీలన కాస్తా ఏ అలవాటుకైనా వర్తించే గడువైపోయింది.

నాకు బాగా పనికొచ్చింది ఫిలిప్పా లాలీ బృందం లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేసి 2009లో వెలువరించిన అధ్యయనం. 96 మంది తలా ఒక చిన్న పని ఎంచుకుని 12 వారాలపాటు రోజూ చేశారు. ఆలోచించకుండానే చేతికి వచ్చే స్థితికి చేరడానికి పట్టిన కాలం మధ్యగతం 66 రోజులు, అంటే సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ. ఒకరికి 18 రోజులే, మరొకరికి 254. అధ్యయనం సాగిందే 12 వారాలు కాబట్టి ఆ 254 అన్నది లెక్కపెట్టిన అంకె కాదు, రేఖ పోకడ చూసి కట్టిన అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా దెబ్బ తగల్లేదన్న సంగతి నాకు ఈ అంకెలన్నిటికన్నా ముఖ్యం. అందుకే క్యాలెండర్‌లో ముగింపు తేదీ పెట్టట్లేదు. వరుసగా ఎన్ని రోజులు చేశానో చూపించే యాప్ కూడా వద్దనుకున్నాను. వరుస తెగిన రోజున అలవాటునే వదిలేయాలనిపించేలా చేసే పరికరం నాకు అక్కర్లేదు.

అలవాటును ఏ రూపంలో రాయాలన్నదానికి మాత్రం గట్టి ఆధారం ఉంది. "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే రాసుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి చూపిస్తూ వచ్చారు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు కూడా ప్రభావం గట్టిగానే తేలింది. కాబట్టి నా నోట్‌బుక్‌లో "ఓపిగ్గా వింటాను", "క్రమశిక్షణగా ఉంటాను" లాంటి వాక్యాలకు చోటు లేదు. ప్రతి వాక్యంలోనూ "గానే" ఉండాలి.

మార్చి, మూడో వారం

మొదట కట్టింది పని ముగింపు పేజీ, అంటే రోజు చివర తెగని పనుల గురించి నోట్‌బుక్‌లో రాసుకునే పేజీ. దీని గురించి వివరంగానే రాస్తాను, ఎందుకంటే మిగతావన్నీ దీనిమీదే నిలబడుతున్నాయి.

1927లో బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ ఒక పరిశోధన ప్రచురించారు. పూర్తిచేసిన పనులకన్నా మధ్యలో ఆపించిన పనులే మనుషులకు ఎక్కువగా గుర్తుంటున్నాయన్నది దాని సారం. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం ప్రతిసారీ నిలబడలేదు. కానీ 2011లో మాసికాంపో, బౌమైస్టర్ చేసిన ప్రయోగాలు నా సమస్యకు ఇంకా దగ్గరగా ఉన్నాయి. ముగియని లక్ష్యం వేరే పని చేస్తున్నప్పుడు మనసులో జొరబడి ఆ పనిని చెడగొడుతుంది. అయితే దాన్ని ఎప్పుడు, ఎలా చేయాలో కచ్చితమైన ప్లాన్ వేసుకుంటే చాలు, ఆ జొరబాటు ఆగిపోతుంది. పని పూర్తి కానక్కర్లేదు, దారి తేలితే చాలు.

అందుకని ఈ పేజీలో పని పేరు రాయను. తర్వాతి అడుగు రాస్తాను. "బడ్జెట్ రిపోర్టు" అని రాసిన రోజు రాత్రి అది బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. "రేపు కూర్చోగానే మూడో పట్టికలో ఫిబ్రవరి అంకెలు సరిచూడాలి, తేడా వస్తే అకౌంట్స్‌కు మెయిల్ పెట్టాలి" అని రాస్తే ఇక తిరగదు. తేడా అంతా ఆ వివరంలోనే ఉంది.

ఎప్పుడు రాయాలన్నదానికి మొదట సాయంత్రం అలారం పెట్టాను. అది ఎవరితోనో కాల్‌లో ఉండగా మోగేది, ఆపేసి మాట కొనసాగించేదాన్ని. ఎంత పని మిగిలిందో, నేనెక్కడ ఉన్నానో అలారానికేం తెలుసు? దాని బదులు ఇప్పుడు ఛార్జర్‌ను పెట్టుకున్నాను. రోజు చివర లాప్‌టాప్ ఛార్జర్ ప్లగ్ తీయగానే నోట్‌బుక్ తెరుస్తాను. పెన్ను కూడా బ్యాగ్‌లో ఛార్జర్ పెట్టే అరలోనే ఉంటుంది, వైరు సర్దడానికి చేయి పెడితే ముందు పెన్నే తగులుతుంది. ఎంత ఆలస్యమైనా ఛార్జర్ తీయకుండా ఇంటికి వెళ్లను కాబట్టి ఈ సూచన, అంటే అలవాటును మొదలుపెట్టమని గుర్తుచేసేది, తప్పిపోయే అవకాశం లేదు.

వెండీ వుడ్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థుల చేత గంటగంటకూ తామేం చేస్తున్నారో రాయించారు. వాళ్ల పనుల్లో దాదాపు 43 శాతం ఇంచుమించు రోజూ, ఎక్కువగా ఒకే పరిస్థితిలో జరిగేవే. ఛార్జర్ విషయంలో నాకు అనుభవమైందీ అదే. చోటూ వస్తువూ మారకపోతే గుర్తుపెట్టుకోవడానికి శ్రమ పడక్కర్లేదు.

ఏప్రిల్ మొదట్లో

పొద్దుటి పూట కష్టమైన పని. సీట్లో కూర్చోగానే నిన్నటి పేజీ తెరిచి మొదటి వాక్యం చదివి ఆ పనే మొదలుపెడతాను, మెసేజ్‌లు ఆ తర్వాతే. పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో రాసినట్టు, ఒక పని నుంచి మరోదానికి మారినప్పుడు ధ్యాసలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది. నాలుగు మెసేజ్‌లు చదివి రిపోర్టుకు వస్తే ఆ నాలుగూ వెంటే వస్తాయి. ఇది పెద్దగా సర్దుబాట్లు లేకుండానే కుదిరింది. టీమ్‌లో వాళ్లకు "అర్జెంటైతే కాల్ చేయండి" అని ముందే చెప్పి పెట్టాను.

ఏప్రిల్ చివర

ఇప్పుడు మనుషుల వైపు. ఇక్కడ ప్రాజెక్టు తీరే మారిపోయింది.

పని అలవాట్లకు కుదిరిన పద్ధతినే ఇక్కడా పెట్టి చూశాను. రాత్రి 9 కాగానే ఫోన్ సొరుగులో పెట్టి మా అమ్మాయి పక్కన కూర్చోవాలి. ఫోన్ సొరుగులోకి వెళ్లింది, నేను పక్కన కూర్చున్నాను. "ఏంటమ్మా, ఏమైనా కావాలా?" అని అడిగింది. ఆ టైంలో దానికి చెప్పాలనిపించినదేం లేదు. చెప్పాలనిపించినప్పుడు నేను మెయిల్ చదువుతూ నడుస్తుంటాను, లేదా తాళంచెవులు వెతుకుతుంటాను. పదిహేనేళ్ల పిల్ల మనసు విప్పే వేళ మన టైమ్‌టేబుల్‌ను బట్టి రాదు.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ కొత్తగా పెళ్లైన జంటలను అపార్ట్‌మెంట్‌లా అమర్చిన ప్రయోగశాలలో గమనించేవారు. ఒకరు మరొకరి ధ్యాస కోసం రోజంతా చిన్నచిన్న పిలుపులు వేస్తుంటారు. "ఇది చూడు" అనో, "అబ్బా, ఏం రోజో ఇది" అనో. కొన్నిసార్లు ఒక నిట్టూర్పే పిలుపు. ఆరేళ్ల తర్వాత కూడా కలిసి ఉన్న జంటలు అలాంటి పిలుపుల్లో 86 శాతానికి అటువైపు తిరిగి పలికారనీ, విడిపోయినవాళ్లలో అది 33 శాతమేననీ గాట్‌మన్ రాశారు. అవన్నీ అప్పటికప్పుడు వచ్చిపోయే చిన్న మాటలే.

అంటే సూచన నా దగ్గర లేదు. నా గడియారంలోనూ లేదు, ఛార్జర్‌లోనూ లేదు. అది అవతలి మనిషి నోట్లోనో ముఖంలోనో ఉంది. అందుకే వాక్యం ఇలా మార్చాను: "ఇంట్లో ఎవరైనా 'చూడు' అనగానే, పేరు పెట్టి పిలవగానే, చేతిలో ఉన్నది కింద పెట్టి అటు తిరుగుతాను." కింద పెట్టడం అన్నది ఇందులో చాలా అవసరం. ఫోన్ చేతిలో ఉంచుకుని తలెత్తితే చూపు మళ్లీ అందులోకే జారుతుంది. బల్లమీద బోర్లా పెడితే ఒళ్లంతా అటు తిరుగుతుంది.

నిజంగానే ఆగలేని సందర్భాలు ఉంటాయి. వాటికి ఇంకో వాక్యం: "ఇది పంపేసి వస్తాను, రెండు నిమిషాలు." చెప్పాక నేనే లేచి వెళ్లాలి. వాళ్లు రెండోసారి పిలిచేదాకా కూర్చుంటే ఆ రెండు నిమిషాలకు విలువ లేదు.

మే, రెండో వారం

కొలత గురించి.

ముగింపు పేజీకి టిక్ పెట్టడం సులువు. రాశానా, లేదా, అంతే. ఇంట్లో మాటలకు కూడా టిక్ గడులు గీశాను, కొన్నాళ్లకే తీసేశాను. టిక్ కోసం ప్రశ్న అడుగుతుంటే జవాబు వినాల్సిన చోట గడి నిండిందన్న తృప్తి వచ్చి కూర్చుంటుంది. ఎదుటివాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు గడుల చోట ఒక ఖాళీ వరుస ఉంది. ఆ రోజు ఇంట్లో ఎవరి గురించైనా నాకు కొత్తగా తెలిసింది ఒక్కటి అక్కడ రాస్తాను. సలహాలు కాదు, నా అభిప్రాయాలు కాదు, వాళ్ల గురించి నాకు నిన్నటిదాకా తెలియనిది. "అమ్మాయికి గణితం కష్టమై కాదు, బోర్డు దగ్గరికి పిలుస్తారేమోనని భయం." "మా ఆయనకు కొత్త మేనేజర్‌తో ఇబ్బంది లేదు, పాత టీమ్‌ను వదిలి రావడమే బాధ." శ్రద్ధగా విన్న రోజు ఈ వరుస దానంతటదే నిండుతుంది. వినని రోజు ఎంత ఆలోచించినా రాయడానికేమీ ఉండదు. నేను వెతుకుతున్న కొలత ఇదేనని నా నమ్మకం. ఎందుకంటే దీన్ని వినకుండా నింపడం కుదరదు.

గణితం సంగతి ఎలా బయటికొచ్చిందో కూడా రాసిపెట్టుకోవాలి.

"రేపు స్కూలుకు వెళ్లాలని లేదమ్మా."
"రేపేముంది నాన్నా?"
"మ్యాథ్స్."
"మ్యాథ్స్‌లో ఏది ఇబ్బందిగా ఉంది?"
"సబ్జెక్టు కాదమ్మా. ముందుకు రమ్మంటారు."

రెండో ప్రశ్న దగ్గరే తలుపు తెరుచుకుంది. మొదటి జవాబుకే "ట్యూషన్ పెట్టిద్దాం" అని ఉంటే ఆ భయం లోపలే ఉండిపోయేది. 2017లో కరెన్ హువాంగ్, ఆలిసన్ వుడ్ బ్రూక్స్ తదితరులు సంభాషణలను విశ్లేషించినప్పుడు కూడా తేలిందిదే. ఎక్కువ ప్రశ్నలు అడిగేవాళ్లు, ముఖ్యంగా ఎదుటివాళ్లు చెప్పినదాన్ని పట్టుకుని తర్వాతి ప్రశ్న వేసేవాళ్లు, ఎక్కువ నచ్చుతారు. నచ్చడం నా లక్ష్యం కాదు కానీ ఆ ప్రశ్న పనిచేసే తీరు మాత్రం అదే. నేను విన్నానని చెప్పడానికి అంతకన్నా సూటైన దారి లేదు.

మే చివర

శుభవార్తల వాక్యం చేర్చాను. కష్టంలో అండగా ఉండటం గురించి అందరూ చెబుతారు, మంచి జరిగినప్పుడు ఎలా పలకాలన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. షెల్లీ గేబుల్ బృందం 2004లో దీన్నే పరిశీలించింది. మంచి కబురు వినగానే మనం నాలుగు రకాలుగా స్పందిస్తాం. ఉత్సాహంగా వివరాలు అడగడం ఒకటి, "బాగుంది" అని ముగించడం రెండోది. అందులో ఇబ్బందులు ఎత్తిచూపడం మూడోది, అసలు విననట్టు మాట మార్చడం నాలుగోది. భాగస్వామి మొదటి రకంగా స్పందిస్తారని భావించేవాళ్లకే తమ బంధంలో తృప్తి, దగ్గరితనం ఎక్కువగా ఉన్నాయి. మర్యాదగా "బాగుంది" అనడం కూడా ఆ లెక్కలో నష్టం వైపే పడుతుందన్నది నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

అక్క ఫోన్ చేసి డిపార్ట్‌మెంట్ మారడానికి ఒప్పుకున్నారని చెప్పింది. జీతం పెరుగుతుందా, ప్రయాణం ఎక్కువవుతుందా అన్న ప్రశ్నలు ముందు నోటికొస్తాయి. వాటిని వెనక్కి నెట్టి "అక్కా, నీకు ఎలా చెప్పారు? మొత్తం చెప్పు" అన్నాను. చెప్పింది, చాలాసేపు చెప్పింది. ప్రయాణం సంగతి చివర్లో తనే ఎత్తి, దానికేం చేయబోతోందో కూడా తనే వివరించింది. ఆ జాగ్రత్తను నేను గుర్తుచేయాల్సిన అవసరమే రాలేదు.

జూన్

మాటల పేజీ, అంటే ఇచ్చిన మాటలు రాసుకునే పేజీ. పనికీ బంధానికీ మధ్య నిజమైన ముడి ఇక్కడే ఉందని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

రోజులో "పంపిస్తాను", "కనుక్కుంటాను", "ఈ వారంలో చూస్తాను" అని ఎన్నిసార్లో అంటుంటాం. అన్నవాళ్లకు అది ఒక మాట, విన్నవాళ్లకు ఒక గడువు. ఆ తేడాలోనే నమ్మకం కొద్దికొద్దిగా అరిగిపోతుంది. అందుకే వాక్యం: "'చేస్తాను' అని నా నోటివెంట రాగానే ఎవరికి, ఏది, ఏ రోజుకు అన్నది నోట్‌బుక్ వెనక పేజీలో రాస్తాను." నోట్‌బుక్ దగ్గర లేకపోతే అక్కడే ఫోన్‌లో ఒక ముక్క రాసుకుని సాయంత్రం ఛార్జర్ వేళకు ఎక్కిస్తాను.

గడువు ఎంత చెప్పాలన్నది వేరే సమస్య. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ సైకాలజీ విద్యార్థులను థీసిస్ ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటు అంచనా 33.9 రోజులు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని రోజులు పడుతుందంటే 48.6 అన్నారు. చివరికి పట్టింది 55.5 రోజులు. ఎంత గడ్డుగా ఊహించుకున్నా ఆ ఊహ కూడా నిజానికి చాల్లేదు. దీనికి నాకు తెలిసిన మందు, ఊహను పక్కనపెట్టి క్రితంసారి అలాంటి పనికే ఎంత పట్టిందో చూడటం. వెనక పేజీలో పాత గడువులూ, అవి నిజంగా పూర్తయిన తేదీలూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఇప్పుడు చూసి చెప్పగలుగుతున్నాను.

పక్క టీమ్ సహోద్యోగితో ఈ నెల ఇలా జరిగింది.

"మేడమ్, ఆ డేటా రేపటికి ఇవ్వగలరా?"
"రేపటికి కుదరదండి. ఇలాంటిది క్రితంసారి మూడు రోజులు పట్టింది. గురువారం మధ్యాహ్నానికి ఇస్తాను."
"గురువారం ఖాయమైతే నేను మీటింగ్ శుక్రవారానికి మార్చుకుంటాను."
"ఖాయమే. ఏదైనా అడ్డు వస్తే బుధవారమే చెప్తాను."

ఆయన అడిగింది రేపటికే, కానీ ఆయనకు అంతకన్నా కావాల్సింది నమ్మదగ్గ తేదీ. తొందరగా ఒప్పేసుకుని ఆలస్యం చేసేకన్నా ముందే గురువారం అని చెప్పడం ఇద్దరికీ మేలు. ఇంట్లో కూడా ఇదే పేజీ. అమ్మాయికి "ఆదివారం సైకిల్ బాగుచేయిద్దాం" అన్నది ఆఫీసు డేటా పక్కనే, అదే సైజు అక్షరాల్లో ఉంటుంది. అలా పక్కపక్కన ఉండాలన్నది నేను కావాలని పెట్టుకున్న నియమం.

జూన్ చివర

పాత స్నేహితుల వైపు ఒక చిన్న వాక్యం: ఎవరైనా గుర్తుకు రాగానే, ఆ గుర్తొచ్చిన విషయమే రెండు ముక్కలు రాసి పంపడం. కారణం వెతకను. ఇన్నాళ్లకు పలకరిస్తే ఏమనుకుంటారో అన్న సంకోచం మామూలే. పెగ్గీ లియు తదితరులు 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో, అనుకోకుండా పలకరించినప్పుడు అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారో పలకరించేవాళ్లు తక్కువగా అంచనా వేస్తారని తేలింది. ఈ వాక్యానికి జవాబు రావాలన్న షరతు పెట్టలేదు.

జూలై

మా ఆయన నోట్‌బుక్ చూసి అడిగారు, "ఇందులో నా గురించీ ఉందా?"
"ఉందండీ. చదువుతారా?"

చదివారు. మేనేజర్ గురించిన వాక్యం దగ్గర ఆగి, "ఇది సగమే" అన్నారు. మిగతా సగం చెప్పారు. అది ఇక్కడ రాయను. కానీ ఆ సాయంత్రం ప్రాజెక్టుకు రెండు నియమాలు వచ్చాయి. మొదటిది, మనుషుల గురించి రాసే వరుస వాళ్లకు ఎప్పుడైనా చూపించగలిగేలా ఉండాలి. ఫిర్యాదు, తీర్పు, "మళ్లీ అలాగే చేశారు" లాంటివి అందులోకి రాకూడదు. వాటి గురించి నేరుగా మాట్లాడాలి, పుస్తకంలో దాచకూడదు. రెండోది, నాకు అర్థమైంది సరైందేనా అని అప్పుడప్పుడూ వాళ్లనే అడగాలి. "నువ్వు చెప్పింది నాకు ఇలా అర్థమైంది, అంతేనా?" అన్న చిన్న ప్రశ్న ఆయన "ఇది సగమే" అన్నదాన్ని ఆ రోజే బయటికి తెస్తుంది.

ఇది చేర్చాక మా మాటలు కొంచెం నెమ్మదించాయి. వాదన వచ్చినప్పుడు మరీ ఎక్కువ. జవాబు చెప్పేముందు ఆయన మాటను నా మాటల్లో తిరిగి చెప్పాలంటే వినక తప్పదు. వాదనలో ఉండగా ఇది నాకు ఇంకా అలవాటు కాలేదు, ప్రతిసారీ ప్రయత్నం మీదే వస్తోంది. లాలీ అధ్యయనంలో కూడా చిన్న పనులకన్నా శ్రమతో కూడిన పనులకు ఎక్కువ కాలం పట్టింది, కాబట్టి దీనికి గడువు పెట్టట్లేదు.

ఇప్పటి స్థితి

ముగింపు పేజీ చేతికి వచ్చేసింది, ఛార్జర్ తీస్తే నోట్‌బుక్ తెరవడం తెలియకుండానే జరిగిపోతోంది. పొద్దుటి పని కూడా అంతే. పిలవగానే అటు తిరగడం ఇంట్లో బాగా నిలబడింది, ఆఫీసులో సగమే. స్క్రీన్ మీద కళ్లుండగా పక్కనుంచి వచ్చే పిలుపుకు కింద పెట్టడానికి చేతిలో ఏమీ ఉండదు. దాని బదులు కుర్చీ తిప్పడాన్ని పెట్టి చూస్తున్నాను. మాటల పేజీకి రెండు నిలువు గీతలు చేర్చాలి: ఒకటి మధ్యలో గడువు మారితే ఎవరికి, ఎప్పుడు చెప్పానో రాయడానికి, ఇంకొకటి నాకు వేరేవాళ్లు ఇచ్చిన మాటలకు. ఈ రెండోది ఎలా వాడాలో ముందు మా ఆయనతో, అమ్మాయితో మాట్లాడాలి. వాళ్లను లెక్క అడుగుతున్నట్టు అనిపిస్తే ఆ గీత గీయను. వచ్చే వారం అమ్మాయి కూడా తన సొంత వెనక పేజీ మొదలుపెడతానంది. దాని వాక్యాలు అదే రాసుకుంటుంది.